మంత్రిగారు, మా ఏడో వార్డు

మా మేడమ్ వాళ్ళ నాన్నగారు చలికాలం గడపడానికి కెనడా నుంచి రియాద్ వస్తున్నారని తెలిసిన రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. ఉన్న నలుగురికీ తలా ఒక రకం వండేసరికే నా నడుం పడిపోతోంది. ఇప్పుడు ఎనభై దాటిన ముసలాయన, ఆయనకి ఉప్పులేని చప్పిడి కూర, నూనెలేని వేపుడు. నా ఖర్మ అనుకున్నాను. మేడమ్ కెనడా ఆవిడ, ఇక్కడ ఆసుపత్రిలో డాక్టరు. ఆవిడ ఇంట్లో నేను తొమ్మిదేళ్ళుగా వంట చేస్తున్నాను. మంచి మనుషులు, గొడవల్లేని ఇల్లు. నా నోరే కాస్త పెద్దది.

వచ్చిన మూడోరోజే పెద్దాయన వంటింట్లోకి వచ్చేశారు. స్టూలు లాక్కుని కూర్చుని, "నాకేం పనిస్తావు?" అన్నారు. నా వంటింట్లో ఇంకోళ్ళు అడుగుపెడితే నాకు చిర్రెత్తుకొస్తుంది. రెండు నిమిషాల్లో విసుగెత్తి లేచిపోతారులే అని చిక్కుడుకాయలు పళ్ళెంలో పోసి ముందు పెట్టాను. లేవలేదండి! ఈనెలు తీస్తూ, మీదే ఊరు, ఏం పండుతుంది, నీళ్ళెక్కణ్ణించి వస్తాయి అని అడగడం మొదలెట్టారు. మాది గోదావరి జిల్లా, చుట్టూ చేపల చెరువులూ రొయ్యల చెరువులూ అని చెప్పాను. ఆయన మొహం ఇంతయ్యింది.

"నేను చేపల మంత్రిగా చేశాను తెలుసా?" అన్నారు.

నేను నమ్మలేదు. మంత్రిని నేను చూడకపోతే కదా! మా ఊరికి ఓసారి మంత్రిగారొస్తే ముందు మూడు కార్లు, వెనకాల ఆరు కార్లు, ఆ దుమ్ముకి మా అత్తగారు ఆరేసిన వడియాలన్నీ పాడైపోయాయి. ఈయన చూస్తే మోచేతి దగ్గర చిరిగిన స్వెట్టరు, చేతిలో చిక్కుడుకాయ. సాయంత్రం మేడమ్‌ని అడిగితే నవ్వేసి, "నిజమే, మూడు శాఖలు చూశారు" అంది. నేను నాలిక్కరుచుకున్నాను. మర్నాటి నుంచి చిక్కుడుకాయలు ఇవ్వడం మానేద్దామనుకున్నాను గానీ ఆయనే వచ్చి అడిగేవారు.

అలా ఆయన కథంతా నా వంటింట్లో విన్నాను. నాది వంటింటి ఇంగ్లీషు. ఆయన నాకోసం ఒక్కో మాటా విడదీసి చెప్పేవారు, ఓట్లడిగిన నోరు కదా. సముద్రం ఒడ్డున చిన్న ఊళ్ళో బడిపంతులుట. పక్కనున్న దీవికి వెళ్ళే రోడ్డు బాగుచేయించాలని ఎన్నికల్లో నిలబడితే మొదటిసారి ఓడిపోయారు. తర్వాత వరసగా ఏడుసార్లు గెలిచారు. మొదట చేపల మంత్రి, తర్వాత పాడి మంత్రి. మూడో శాఖేంటో ఆయన రెండు పూటలు కష్టపడి చెప్పినా నాకర్థం కాలేదు. ఆయనకీ అర్థమైనట్టు లేదు.

ఓట్లకి మంచులో ఇంటింటికీ తిరిగేవారట. ఏ ఇంట్లో టీ ఇచ్చినా వద్దనకూడదని పెట్టుకున్నారు. రోజుకి ఇరవై ఇళ్ళు, ఇరవై కప్పుల టీ. "ఎన్నికలనగానే నాకు ఓట్లు గుర్తురావమ్మా, బాత్‌రూమ్ గుర్తొస్తుంది" అన్నారు. నేను గరిటె పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. మేడమ్ హాల్లోంచి పరిగెత్తుకొచ్చింది ఏమైందోనని.

ఓసారి ఆయన రియాద్ దగ్గర్లో అల్ ఖర్జ్ అనే ఊళ్ళో పాల ఫారం చూడాలన్నారు. ఎడారిలో ఆవులెలా బతుకుతున్నాయో చూడకుండా వెళ్తే పాడి మంత్రిగా చేసిన పేరు పోతుందట. శుక్రవారం పూట అందరం కార్లో వెళ్ళాం, పులిహోర నేనే కట్టాను. వేలకొద్దీ ఆవులు పెద్ద పెద్ద ఫాన్ల కింద, పైనుంచి నీటి తుంపర పడుతుంటే హాయిగా నెమరేస్తున్నాయి. ఈ దేశంలో నాకంటే వీటికే సుఖంగా ఉంది అని పైకే అనేశాను. ఫారం పెద్దమనిషి సూటేసుకుని ఎదురొచ్చి చెయ్యి చాచాడు. ఈయన దణ్ణంలా తల ఊపి, ఆయన్ని దాటుకుని వెళ్ళి, వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డ పాలు పితికే మనిషి చెయ్యి ముందు పట్టుకున్నారు. ఆ సూటాయన మొహం మాడిపోయింది. నాకే ఇబ్బందేసింది. ఇదేం పద్ధతి, పెద్దాయనకి మతి తప్పుతోందా అనుకున్నాను.

ఇక అక్క సంగతి చెప్పాలి. మా వీధి మనిషే, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల. నాకంటే ఐదేళ్ళు పెద్ద, అందుకే అక్కా అంటాను. ఇక్కడే రియాద్‌లో మలాజ్ పేటలో ఓ ముసలమ్మ ఇంట్లో పన్నెండేళ్ళు చేసింది. ఆ ముసలమ్మ అక్కని కడుపులో పెట్టుకుని చూసింది, శుక్రవారం సాయంత్రాలు బయటికి వెళ్ళనిచ్చేది. మేమిద్దరం బతా బజార్లో ఓ మెస్సులో కలుసుకుని ఇడ్లీ తిని, మా ఊరి కబుర్లన్నీ నంజుకునేవాళ్ళం. మనకి వానాకాలం రోజుల్లో ముసలమ్మ కాలం చేసింది. అక్క తల్లి పోయినట్టే ఏడ్చింది.

ఓ శుక్రవారం అక్క ఇడ్లీ ముట్టకుండా కూర్చుంది. పంచాయతీ ఎన్నికలొస్తున్నాయి, మా ఏడో వార్డు ఆడవాళ్ళకి కేటాయించారు అని చెప్పింది. అయితే ఏంటే అన్నాను. "నేను నిలబడతానే" అంది. నాకు నవ్వాగక ఇడ్లీ గొంతుకి అడ్డం పడింది.

ఎందుకు నవ్వానో గానీ ఇప్పటికీ సిగ్గేస్తుంది. మా వీధి మంచినీళ్ళ బాధ నాకు తెలీనిదా? చుట్టూ రొయ్యల చెరువులొచ్చాక బోరు నీళ్ళు ఉప్పుకషాయం అయిపోయాయి. పైపు వేస్తామని ప్రతివాడూ చెప్పాడు, మా వీధి మొదట్లోకొచ్చి ఆగిపోయింది. ఇళ్ళల్లో ఆడవాళ్ళు క్యాన్ నీళ్ళు కొని తాగుతున్నారు, అవీ మేం ఇక్కణ్ణించి పంపే డబ్బుల్తోనే. "పన్నెండేళ్ళు ఇంకోళ్ళ ఇల్లు నడిపానే. మా వీధిలోకి ఒక పైపు లాగించలేనా?" అంది అక్క. ఆ మాటతో నా నవ్వు ఆగిపోయింది.

ఓటర్ల లిస్టులో పేరుంది. నిలబడమని వీధిలో ఆడవాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. కావాల్సిందల్లా అక్క అక్కడుండడం. నోటిఫికేషన్ ఇవాళో రేపో అంటున్నారు, వచ్చిందంటే నామినేషన్లకి మూడే మూడు రోజులు. ఈలోపు ఎగ్జిట్, అంటే ఈ దేశం వదిలి వెళ్ళనిచ్చే కాగితం, రావాలి. అక్కడే వచ్చింది తంటా. కఫీల్, అంటే వీసాకి పూచీపడ్డ యజమాని, ఆ ముసలమ్మే. ఆవిడ పోయాక అక్క కాగితాలు ఎవరు చూడాలి? ఆవిడకి ఐదుగురు కొడుకులు.

"ఐదుగురినీ అడిగావా?"

"పెద్ద కొడుకుని అడిగాను. ఇన్షా అల్లా అన్నాడు."

నేనేవన్నా ఊరుకునేదాన్నా? ఈ పని నాకొదిలెయ్యి అన్నాను. నాకు అరబ్బీ బాగా వచ్చని మా వాళ్ళల్లో పేరు, ఆ పేరు నిలబెట్టుకోవాలిగా. వాళ్ళందరూ శుక్రవారం నమాజు తర్వాత తల్లి ఇంట్లో భోజనానికి కలుస్తారు. నలుగురిలో అడిగితే బాగోదు, పరువుగా విడివిడిగా పట్టుకుందాం అన్నాను. మన పద్ధతి అదేగా. రెండు వారాలు ఒక్కొక్కళ్ళనీ కారు దగ్గర పట్టుకున్నాం. మీ అమ్మగారు దేవతండీ అన్నాను, ఈ అక్క మీ ఇంటి మనిషేనండీ అన్నాను, కళ్ళు కూడా తుడుచుకున్నాను. ఐదుగురూ గుండె మీద చెయ్యేసుకుని సరేనన్నారు. చిన్న కొడుకైతే మా ఇద్దరికీ ఖర్జూరాల డబ్బాలిచ్చాడు. నేను చంకలు గుద్దుకున్నాను. చూశావా నా తడాఖా అన్నాను అక్కతో.

నెల గడిచింది. అదృష్టం కొద్దీ నోటిఫికేషన్ ఇంకా వాయిదా పడుతూనే ఉంది. ఒక్క కాగితం కదల్లేదు. మళ్ళీ అడిగితే మళ్ళీ సరే, మళ్ళీ ఇన్షా అల్లా. వాళ్ళు అబద్ధమాడేవాళ్ళు కాదు, అది మొహాల్లోనే తెలుస్తోంది. మరి పనెందుకవట్లేదు? అక్క రోజూ ఫోను చేసి ఊరి వార్తలు చెప్పేది. అవతల పార్టీ వాళ్ళు తమ మనిషిని అప్పుడే తేల్చేశారట. ఆ అమ్మాయి గుమ్మం గుమ్మం తిరుగుతోందిట. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. పెద్ద మాటలు ఆడింది నేనే కదా.

ఓ పొద్దున్న వంకాయలు కోస్తూ వేలు కోసుకున్నాను. పెద్దాయన కట్టు కడుతూ ఏమైందన్నారు. మొత్తం కక్కేశాను, ఏడుపొచ్చేసింది కూడా. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా అయ్యాక, "అందరూ తలూపారంటే ఆ పని ఎవరి మీదా లేదన్నమాట. మా మంత్రుల సమావేశాల్లో నేను నేర్చుకున్నది ఇదొక్కటే. సంతకం పెట్టే చెయ్యి ఎవరిది?" అన్నారు.

"ఐదుగురిలో ఎవరో తెలీదు సార్."

"ఆ ఐదుగురికీ అక్కచెల్లెళ్ళు లేరా?"

"ఉంది ఒకావిడ, ఆడమనిషి కదా సార్" అనేశాను.

ఆయన నవ్వలేదు. నేను నవ్వుతారనే అనుకున్నాను. కట్టు కట్టడం పూర్తిచేసి, నా చెయ్యి అలాగే పట్టుకుని కూర్చున్నారు.

"ఏడుసార్లు గెలిచాక నేనెలా ఓడిపోయానో నీకు చెప్పలేదు కదూ" అన్నారు.

వాళ్ళ ఊళ్ళో చేపలు కోసి డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీ ఉండేదట. నష్టాల్లో ఉంది, మూసేసి పక్క ఊళ్ళో పెద్దది పెడదామన్నారు. ఈయన మంత్రి. ఊరికి వెళ్ళి అందరినీ అడిగారు. పడవలవాళ్ళని అడిగారు, యూనియన్ పెద్దల్ని అడిగారు, చర్చి ఫాదర్‌ని అడిగారు. అందరూ సరేనన్నారు. మూసేశారు. ఆ ఫ్యాక్టరీలో బల్ల దగ్గర నిలబడి చేపలు కోసేది ఆడవాళ్ళు. పక్క ఊరికి రోజూ ఎలా వెళ్తారు, పిల్లల్ని ఎవరికి వదుల్తారు? వాళ్ళని అడగాలని ఈయనకి తట్టనే లేదు. ఎన్నికలప్పుడు ఇంటింటికీ వెళ్తే ఒక్కావిడ కూడా ఒక్క మాట అనలేదట. ఎప్పట్లాగే కూర్చోబెట్టి టీ ఇచ్చారు. వెళ్ళి ఓట్లు అవతలాయనకి వేసేశారు.

"ముప్ఫై ఏళ్ళుగా వాళ్ళ టీ తాగుతున్నాను. ఒక్కరోజు కూడా నీకేం కావాలమ్మా అని వాళ్ళని అడగలేదు. వాళ్ళ మొగుళ్ళని అడిగాను" అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అల్ ఖర్జ్‌లో ఆయన వెనకాల మనిషి దగ్గరికి ముందెందుకు వెళ్ళారో నాకప్పుడు తెలిసింది. మతి తప్పిందనుకున్నాను, పాపిష్టిదాన్ని.

వెంటనే అక్కకి ఫోను చేశాను. ఆ కూతురు గురించి చెప్పమన్నాను. ఏదో ఆఫీసులో ఉద్యోగం, పక్క వీధిలోనే కాపురం, రోజూ ఆఫీసు నుంచి వస్తూ తల్లి ఇంట్లో దిగుతుంది, తల్లి పోయాక కూడా మానలేదు. అక్క చేతి టీ తాగి, తల్లి మంచం మీద కాసేపు కూర్చుని వెళ్తుంది. "రోజూ టీ ఇస్తున్నావు కదే, ఒక్కసారైనా అడిగావా?" అన్నాను. "వీళ్ళల్లో ఆడవాళ్ళ చేతిలో ఏముంటుందిలే అనుకున్నాను" అంది నెమ్మదిగా. నేనూ అంతేగా అనుకున్నది! ఇద్దరం ఆడవాళ్ళం, ఒకత్తి ఆడవాళ్ళ సీటుకి నిలబడబోతోంది, తెలివి చూడండి మాది.

ఆ సాయంత్రం అక్క టీ కప్పు ఆవిడ చేతికిచ్చి, వెళ్ళిపోకుండా నిలబడి అడిగిందట. ఆవిడ కప్పు కింద పెట్టేసింది. తల్లి పోయాక అన్నదమ్ములందరూ కలిసి వకాలా ఆవిడ పేరునే రాసిచ్చారు, అంటే అందరి తరఫునా సంతకం పెట్టే అధికారం ఆవిడదే. ఇల్లు, బండి, అక్క కాగితాలు, అన్నీ. అన్నదమ్ములేమో అక్క ఎలాగూ చెల్లెలికి చెప్పే ఉంటుందనుకున్నారు. ఈవిడేమో అక్క అడగట్లేదు కాబట్టి ఉండిపోదామనుకుంటోంది అనుకుని లోపల సంతోషపడుతోందిట. "నువ్వు వెళ్ళిపోతే ఈ ఇంట్లో అమ్మ సంగతులు మాట్లాడుకోడానికి నాకెవరున్నారు?" అని ఏడ్చిందట. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చారు. మర్నాడే సెలవు పెట్టి పని మొదలెట్టింది. పదిరోజుల్లో ఎగ్జిట్ వచ్చేసింది. టిక్కెట్టు తనే కొంది, వద్దన్నా వినలేదు. ఎన్నికలెందుకో చెప్తే పడీ పడీ నవ్వి, గెలిస్తే నాకు ఫొటో పంపాలి అందట.

నోటిఫికేషన్ వచ్చిన రెండోరోజు అక్క ఊళ్ళో దిగింది. మూడోరోజు నామినేషన్ వేసింది. ఆ ఫొటో చూసి పెద్దాయన వంటింట్లో చప్పట్లు కొట్టారు. రోజూ పొద్దున్నే, "ఇవాళ ఎన్ని ఇళ్ళు తిరిగింది?" అని అడిగేవారు. తిరగాల్సినన్ని తిరగట్లేదు సార్, ఉన్నదే వారం అనేదాన్ని. మా ఇంటి సంగతి మాత్రం నాకొదిలెయ్యి, నువ్వు మిగతా ఇళ్ళు చూసుకో అని అక్కకి ముందే చెప్పేశాను. మా ఆయనకి ఫోను చేసి, మనింటి ఓట్లన్నీ అక్కకే పడాలి, జాగ్రత్త అన్నాను. "అలాగేనే, నాకు చెప్పాలా" అన్నాడాయన. ఇంక బెంగేం లేదు.

లెక్కింపు రోజు నేను పొయ్యి దగ్గర నిలబడి ఫోనే చూస్తున్నాను. మధ్యాహ్నానికి అక్క చేసింది. "రెండోట్ల తేడాతో పోయిందే" అంది. ఏడుపు లేదు గొంతులో. పైగా నన్నే ఓదార్చింది. గెలిచిన అమ్మాయి మంచిదే, పైపు సంగతి ఇద్దరం కలిసి పట్టుకుంటామని అప్పుడే మాట్లాడుకున్నాం అంది. పెద్దాయనకి చెప్తే, "రెండేనా? నేను మొదటిసారి ఓడినప్పుడు లెక్కపెట్టడం కూడా మధ్యలో ఆపేశారు" అని నవ్వారు. ఆవిడకి నా అభినందనలు చెప్పు, ఇప్పుడే మొదలైంది అన్నారు. అందరికీ బాగానే ఉంది, నాకే కడుపు రగిలిపోతోంది. ఎవరా ఇద్దరు? మా ఆయనకి ఫోను కొట్టి, ఎవరండీ మోసం చేసింది, మీకు తెలిసే ఉంటుంది అని నిలదీశాను.

"అమ్మా, చిన్నమ్మా" అన్నాడు.

మా అత్తగారు, ఆవిడ చెల్లెలు. మా ఇంట్లోనే ఉంటారు ఇద్దరూ. నా నెత్తి మీద పిడుగు పడ్డట్టయింది. ఫోను మీ అమ్మకివ్వండి అన్నాను. దులిపేద్దామనే అన్నాను, ఏం దాచను.

"ఎందుకేశారు అత్తయ్యా ఆ అమ్మాయికి?"

"ఆ పిల్ల వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చుందే" అంది ఆవిడ, నింపాదిగా. "అత్తా, నాకెయ్యవా అని నోరారా అడిగింది. మీ చిన్నత్తనీ అడిగింది. మాట ఇచ్చాం, వేశాం."

"అక్కకి వెయ్యమని నేను మీ అబ్బాయికి చెప్పాను కదా!"

"వాడికి చెప్పావు. వాడి ఓటు వాడేశాడు." ఆవిడ అంతటితో వదల్లేదు. "తొమ్మిదేళ్ళ నుంచి ఫోన్లు చేస్తున్నావు. అత్తయ్యకివ్వండి అని ఎప్పుడైనా అన్నావా అమ్మాయ్? ఇవాళే వింటున్నాను నీ గొంతు ఇంత దగ్గరగా."

కళ్ళల్లోంచి బొటబొటా నీళ్ళు కారిపోయాయి. పెద్దాయన కంగారుగా లేవబోతే, ఏం కాలేదు కూర్చోండి అని సైగ చేశాను. పొయ్యి కట్టేసి నేల మీద చతికిలబడ్డాను.

"మోకాళ్ళెలా ఉన్నాయి అత్తయ్యా?" అన్నాను.

"అడిగావూ?" అంది ఆవిడ. ఇంక ఆగితే కదా! కుడి మోకాలి దగ్గర మొదలెట్టి, ఎడమ మోకాలికి వచ్చేసరికే అరగంటయ్యింది. ఆ రోజు రియాద్‌లో మా ఇంట్లో వాళ్ళందరూ బ్రెడ్డు తిన్నారు.